ఫోటో దిగాక లేచి రాకండి

"అన్నా, పదికి పది రేటింగున్న స్కూలేదో చెప్పు చాలు, మిగతావి మేం చూసుకుంటాం." ఈసారి కందుకూరు వచ్చినప్పుడు నన్ను కలిసినవాళ్ళలో ముప్పాతికమంది అడిగింది ఇదే. అందరూ డాలస్ చుట్టుపక్కలకు వెళ్తున్నవాళ్ళే. మొగుడో పెళ్ళామో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద, రెండోవాళ్ళు హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద, చంకనొకరు, బడికెళ్ళే వయసులో ఇంకొకరు. రేటింగ్ సంగతి ఇళ్ళు అద్దెకు చూపించే ప్రతి యాప్‌లోనూ ఉంటుంది, దానికి నేనక్కర్లేదు. ఆ స్కూళ్ళని నడిపే డిస్ట్రిక్ట్‌తో ఎట్టా మెలగాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే అది రాస్తున్నాను.

అక్కడ గవర్నమెంటు బళ్ళను రాష్ట్ర విద్యాశాఖ నేరుగా నడపదు. స్కూల్ డిస్ట్రిక్ట్ అని విడిగా ఒక స్థానిక ప్రభుత్వం ఉంటుంది. దేశం మొత్తమ్మీద ఇలాంటివి 13,000 దాకా ఉన్నాయి. టెక్సస్‌లో ఎక్కువ చోట్ల ఏడుగురు ట్రస్టీలు ఎన్నికల్లో గెలిచి వస్తారు, జీతం ఉండదు. బళ్ళన్నిటి మీదా ప్రధానాధికారి అయిన సూపరింటెండెంట్‌ని పెట్టేది వాళ్ళే, బడ్జెట్‌ ఆమోదించేది వాళ్ళే, ఇంటి పన్నులో బడి వాటా ఎంతో తేల్చేదీ వాళ్ళే. సొంతిల్లు ఉన్నవాళ్ళ పన్ను బిల్లులో సాధారణంగా అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. అద్దెకున్నా తప్పించుకున్నట్టు కాదు, ఇంటి ఓనరు అద్దెలో కలిపే లాగుతాడు.

డిస్ట్రిక్ట్ సరిహద్దు ఊరి సరిహద్దుతో కలవాలని లేదు. మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఊరు కదలకుండా జిల్లా మారడం మనకు అలవాటే కదా! అక్కడ ఒకే ఊరి పేరున్న రెండు వీధులు రెండు డిస్ట్రిక్టుల్లో ఉండొచ్చు. కాబట్టి ఊరి పేరు చూసి లీజు మీద సంతకం పెట్టకండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రస్ కొట్టి ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్, ఏ హైస్కూలో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. హెచ్‌4 పిల్లలకు ఫీజు ఉండదు. టీకాల కార్డు మాత్రం అడుగుతారు. చికెన్‌పాక్స్, హెపటైటిస్‌ ఎ టీకాలు మన గవర్నమెంటు ఆసుపత్రుల షెడ్యూల్లో లేవు, టెక్సస్ బడిలో రెండూ తప్పనిసరి. ఇక్కడ నెల్లూరులోనో ఒంగోలులోనో పిల్లల డాక్టరు దగ్గర వేయించి, తేదీలతో రాయించుకుని వెళ్ళండి.

ఇక ఈ ట్రస్టీల బోర్డు మీటింగు. నెలకు ఒకటో రెండో ఉంటాయి, సాయంత్రం పూట. మొదట్లో అభినందనలు జరుగుతాయి. పోటీల్లో గెలిచిన పిల్లలు, మంచి పేరు తెచ్చుకున్న టీచర్లు, బడికి సాయం చేసిన కమ్యూనిటీ పార్ట్‌నర్లు, అందరినీ పేరుపేరునా పిలుస్తారు. పిల్లలు వరసలో వచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏడుగురు ట్రస్టీలకూ చెయ్యి కలుపుతారు. మూడో ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఒక అయిదో క్లాసు పిల్లాడు కంగారులో ఎడమచెయ్యి చాపి నాలుక కరుచుకుంటాడు. ఆవిడ నవ్వి రెండు చేతులతో పట్టుకుంటుంది. వెనక వరసల్లో నాన్నలు ఫోన్లెత్తి నిలబడతారు. ఒంగోలు నుంచి వచ్చిన తాతగారు ఏసీ చలికి మంకీ క్యాప్ తియ్యకుండానే మనవడి పేరు వినబడగానే చప్పట్లు మొదలుపెడతాడు, పక్కవాళ్ళు ఆపేసినా ఆయన ఆపడు. చూడముచ్చటగా ఉంటుంది.

అది కాగానే బోర్డు ప్రెసిడెంట్ చిన్న బ్రేక్ ఇస్తారు. వెళ్ళాల్సిన కుటుంబాలు వెళ్ళొచ్చని మర్యాదకు చెబుతారు. అంతే, హాలు సగం ఖాళీ. అందరికన్నా ముందు లేచేది మనవాళ్ళే. పార్కింగ్‌లోకి వచ్చేలోపే ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పడుతుంది.

అసలు మీటింగు ఆ తర్వాతే మొదలవుతుంది. కొత్త హైస్కూలు కడితే ఏ కాలనీ పిల్లలు అటు మారాలి, పిల్లలు తగ్గిపోయిన ఎలిమెంటరీని ఉంచాలా మూసెయ్యాలా, వచ్చే ఏడు పన్ను రేటెంత, ఇవన్నీ తేలేది మనం ఇంటికొచ్చి అన్నం తింటున్న టైములో. ఏడాది తిరిగాక "మా పాపని వేరే స్కూలుకు మార్చేశారు, మాకెవరూ చెప్పలేదు" అని గ్రూపుల్లో ఒకటే గోల. చెప్పకేం, అజెండా ముందే పెట్టారు, రెండుమూడు మీటింగుల్లో చర్చించారు కూడా. పదికి పది చూసి ఎక్కువ అద్దెకు దిగినవాళ్ళు, ఆ స్కూలుకు ఏ వీధి పిల్లలు పోతారో తేల్చే రోజున హాల్లో లేకపోతే ఎట్టా?

అక్కడ మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు. అజెండాలో ఉన్న విషయం మీద, నిర్ణయానికి ముందే జనాన్ని మాట్లాడనివ్వాలని టెక్సస్‌లో 2019లో చట్టం చేశారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. కాగితం మీద రాసుకుని చదవండి, అందరూ అదే చేస్తారు. మన యాస గురించి టెన్షన్ వద్దు. ట్రస్టీలకు కావలసింది మీరు ఏ వీధిలో ఉంటారు, మీ పిల్లలకు దీనివల్ల వచ్చే ఇబ్బందేమిటి అన్నదే. అయితే మాట్లాడొచ్చు గానీ ఓటు వెయ్యకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో ఓటరుగా నమోదు చేసుకుంటారా అని ఒక గడి ఉంటుంది. అన్నిటికీ టిక్కులు కొట్టుకుంటూ పోయే అలవాటున్నవాళ్ళు అక్కడ ఆగండి. సిటిజన్ కానివాళ్ళు ఓటరుగా చేరితే ఆ చిక్కు గ్రీన్‌కార్డు దాకా, ఆపైన కూడా వెంటాడుతుంది.

పిల్లల ఘనత విషయంలో మనకొక కళ్ళజోడు ఉంది. నెల్లూరువాళ్ళకు మరీను. నారాయణ సంస్థలు 1979లో మొదలైంది ఆ ఊళ్ళోనే. ఫలితాల సీజన్ వస్తే ట్రంకు రోడ్డు పొడుగునా ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూ పెరిగినవాళ్ళం. అక్కడి అభినందనల రాత్రి చూస్తే మొదట్లో కొంచెం తికమకగా ఉంటుంది. నేషనల్ మెరిట్ సెమీఫైనలిస్టును పిలుస్తారు. దేశం మొత్తంలో ఏడాదికి పదహారు వేల మందికి దక్కే గుర్తింపు అది. వెంటనే వెల్డింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాడిని పిలుస్తారు. ఆ వెనకే బ్యాండ్‌లో ట్రంపెట్ ఊదే అమ్మాయి. అందరికీ అదే కాగితం, అవే చప్పట్లు. మన వరసలో మాత్రం తమ పిల్లల వంతు అయిపోగానే తలలన్నీ ఫోన్లోకి వంగిపోతాయి. ఇది పిల్లలు చూస్తారు, తోటి పిల్లలూ చూస్తారు.

లెక్కల పిచ్చి ఉన్నవాళ్ళకూ అక్కడ చోటుంది, బెంగపడకండి. టెక్సస్‌లో గవర్నమెంటు బడుల మధ్య పోటీలు చాలావరకు యూఐఎల్ అనే సంస్థ నడుపుతుంది. ఫుట్‌బాల్ ఎంతో, నంబర్ సెన్స్ కూడా అంతే అధికారికం. నంబర్ సెన్స్‌లో పది నిమిషాల్లో 80 లెక్కలు మనసులోనే చేసి జవాబు మాత్రం రాయాలి, చిత్తు పని చెయ్యకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. ఇరవయ్యో ఎక్కం దాకా నేర్పే మన అమ్మమ్మలు దీనికి మంచి కోచ్‌లు. ఇంకొకటి, 1984 నుంచి 'నో పాస్, నో ప్లే' అని నియమం ఉంది. ఏదైనా సబ్జెక్టులో 70 కన్నా తగ్గితే ఆటలకూ పోటీలకూ కొన్నాళ్ళు దూరం పెడతారు. ఆటల్లో పడితే చదువు పోతుందని భయపడే తండ్రులకు ఈ మాట చెబితే మొహం కాస్త వెలుగుతుంది.

ఎఫ్‌ఎఫ్‌ఏ అనే పేరు కూడా వింటారు. వ్యవసాయం, పశుపోషణ నేర్చుకునే పిల్లల సంఘం. "వ్యవసాయం వదిలించుకుని ఇంత దూరం వచ్చింది మళ్ళీ పేడ ఎత్తడానికా" అని మనవాళ్ళు దాటేస్తారు. ప్రకాశం జిల్లావాళ్ళు మాత్రం ఒక్కసారి డిస్ట్రిక్ట్ వారి పశువుల కొట్టం చూసి తీరాలి. పిల్లలు బడికి ముందే వచ్చి మేత వేసి, దూడల్ని కడిగి, దువ్వి, తాడుతో నడవడం నేర్పుతుంటారు. వాటిలో ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు ఉన్న బ్రాహ్మన్ దూడ కనబడిందంటే అది మన చుట్టమే. గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువులతో పాటు మన ఒంగోలు జాతి రక్తం కలిసి అమెరికాలో తయారైన జాతి అది. 1924 నుంచే దానికి అక్కడ పెంపకందార్ల సంఘం ఉంది. బ్రెజిల్‌లోనైతే మన ఒంగోలు పశువుల సంతతి పేరే నెలోర్. పొదిలి దగ్గర పల్లె నుంచి మనవరాలి దగ్గరికొచ్చిన ఒకాయన ఆ దూడ దవడ పట్టి, పళ్ళు చూసి, వయసు ఇంత అని చెప్పేశాడు. టీచరు రికార్డు తీసి చూసింది, సరిపోయింది. ఆ వారమే ఆయన్ను క్లాసుకు పిలిచారు. గిత్తను కొనేటప్పుడు కాళ్ళ తీరు, వీపు, ఒంటి మీది వెంట్రుకల సుళ్ళు ఎట్టా చూస్తారో ఆయన తెలుగులో చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. సుళ్ళ దగ్గర ఆ పిల్ల బాగా ఇబ్బంది పడింది పాపం.

బడికి పార్ట్‌నర్ అనగానే మనకు పెద్ద కంపెనీయే గుర్తొస్తుంది గానీ ఆ తాత చేసిందీ అదే పని. పళ్ళ డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తాడు, చర్చి వాళ్ళు శనాదివారాలకు తిండి లేని పిల్లల సంచుల్లో డబ్బాలు సర్దుతారు, బిర్యానీ హోటలాయన మే మొదట్లో టీచర్ల వారానికి భోజనం పంపుతాడు. ఆ హోటలాయన్ని కూడా అదే వేదిక మీదికి పిలిచి ఫలకం ఇస్తారు. మీ పని ఐటీలో అయితే కెరీర్ డే నాడు అరగంట మాట్లాడండి. చాలా కంపెనీలు మీరు పీటీఏకో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) బూస్టర్ క్లబ్‌కో (బ్యాండ్, ఆటల జట్లకు డబ్బు పోగుచేసే సంఘం) ఇచ్చిన డబ్బుకు తమ వంతు కలుపుతాయి. మీరు వాలంటీర్‌గా పనిచేసిన గంటలకు కూడా లెక్కకట్టి ఆ సంస్థకు పంపేవి ఉన్నాయి. హెచ్‌ఆర్‌లో అడగండి. అడగక వదిలేసుకునేవాళ్ళే ఎక్కువ.

హెచ్‌4 మీద ఇంట్లో కూర్చున్న చెల్లెళ్ళ ప్రశ్న: "నేను బడిలో పనిచెయ్యొచ్చా?" ఉచితంగా వాలంటీర్‌గా అయితే హాయిగా చెయ్యొచ్చు. పుస్తకాల సంత దగ్గర బల్ల సర్దడం, క్లాసుకు కాగితాలు కత్తిరించి లామినేట్ చెయ్యడం, లైబ్రరీలో పుస్తకాలు పేర్చడం లాంటివి. మనుషులు పరిచయమయ్యేది ఆ చిన్న పనుల్లోనే. డబ్బు మాత్రం తీసుకోకూడదు. సబ్‌స్టిట్యూట్ టీచరు, లంచ్ మానిటర్ లాంటివి జీతం ఉన్న ఉద్యోగాలు, వాటికి ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి. 2015 నుంచి హెచ్‌4 వాళ్ళకు అది ఇస్తున్నారు గానీ, ఎక్కువగా భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 ఆమోదం అయ్యాకే దొరుకుతుంది. వాలంటీర్లకూ ముందుగా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ఆఫీసులో ఐడీ చూపించి స్టిక్కర్ అంటించుకుంటే గానీ లోపలికి పోనివ్వరు. క్యారేజీ ఇచ్చి వస్తానని క్లాసు దాకా నడిచే మన పద్ధతి అక్కడ సాగదు.

క్లాసు పార్టీకి శెనక్కాయ ఉండలు చేసి పంపకండి. ఎంత ప్రేమగా చేసినా సరే. వేరుశెనగ తగిలితే ఊపిరాడని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. చాలా చోట్ల కొట్లో కొన్న సీలు ప్యాకెట్టే తెమ్మంటారు. అవార్డు రోజున పక్క పిల్లల ఫోటోలు కూడా వాళ్ళ అమ్మానాన్నల్ని అడక్కుండా పెట్టకండి.

చివరగా మన ఊరి బడి సంగతి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పటి నుంచి "మా హైస్కూలుకు మేమేం చెయ్యాలి" అని అడిగేవాళ్ళు పెరిగారు. మంచిదే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి గవర్నమెంటు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. ముందు వాళ్ళతో మాట్లాడండి. మీ దగ్గర ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నన్నాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా సిటిజన్ అయిన రోజు నుంచి, భారత మూలాలవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ డబ్బు విదేశీ విరాళమే. తీసుకునే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అది తెలియక పంపి, ఊళ్ళో ట్రస్టు నడిపే మాస్టారిని ఇరకాటంలో పెట్టకండి. ఇండియా ట్రస్టుకు నేరుగా ఇచ్చిన దానికి అమెరికాలో పన్ను మినహాయింపు కూడా రాదు. అక్కడ రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ ద్వారా పంపితేనే వస్తుంది.

గేటుకు ఆర్చి కట్టిస్తాం, పేరు చెక్కించండి అనేవాళ్ళకు మనలో కొదవలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షను పట్టించుకునేవాళ్ళు తక్కువ. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని, గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకు అది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది. ప్రాక్టీసు పుస్తకాలకు, ఆదివారాలు వచ్చి మెంటల్ ఎబిలిటీ చెప్పే మాస్టారికి ఏమాత్రం ఖర్చవుతుందో హెడ్‌మాస్టరు గారిని ఆగస్టులోపే అడగండి. ఆ తర్వాత అడిగితే సిలబస్ తిప్పడానికి టైము చాలదు.