నేస్తం కట్టిన ఇంటికి వాలంటీరుగా వెళ్ళకండి

ఉత్తరం సారాంశం: 27 ఏళ్ళ అమ్మాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం, భర్త, అత్తగారు, రెండేళ్ళ పాప. డిగ్రీ చదివే రోజుల్లో, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చాక, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊళ్ళో పదహారు రోజులు సహాయ పనులు చేసింది. ఒక కొబ్బరి రైతు ఇంట్లో ఉంది. ఆ ఇంటావిడ తన కూతుర్నీ ఈ అమ్మాయినీ ఒకే కంచంలో తినిపించి నేస్తం కట్టించింది, అంటే స్నేహితురాళ్ళని తోబుట్టువుల్లా కలిపింది. మరుసటి ఏడాది జూలైలో మళ్ళీ వెళ్ళి వాళ్ళ ఎకరంలో అరవై కొబ్బరి మొక్కలు నాటించి వచ్చింది. ఆ తర్వాత వెళ్ళలేదు. ఇప్పుడు అప్పటి వాలంటీర్లు ఆరుగురు కలిసి ఊరు చూసి రావాలనుకుంటున్నారు. భర్త "ఎప్పుడో చేసిన సేవకి ఇప్పుడేం పని" అంటున్నాడు. అత్తగారు "ఆ కిడ్నీ జబ్బుల ఊళ్ళకి పిల్లని తీసుకెళ్తావా" అంటోంది. ప్రశ్నలు రెండు: ఇంట్లో ఎలా ఒప్పించాలి? ఆ కుటుంబానికి ఎంత డబ్బు పట్టుకెళ్తే బాగుంటుంది, పది వేలా, పాతిక వేలా?

మీ రెండు ప్రశ్నలకీ ముందే జవాబు చెప్పేస్తాను. డబ్బు ఏమీ పట్టుకెళ్ళొద్దు. ఇంట్లో ఎవర్నీ ఒప్పించక్కర్లేదు, ఆదివారం ఫలానా ఊరు వెళ్ళొస్తున్నానని చెబితే చాలు. సంపాదించుకుంటున్న మనిషి, ఇద్దరూ కలిసి నడుపుతున్న సంసారం, ఒక్క రోజు ప్రయాణం. దానికి పంచాయితీ ఎందుకు? ఒక రోజు వెళ్ళొస్తే కిడ్నీ జబ్బు అంటుకోదని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. నిజానికి మీ అత్తగారి అభ్యంతరం మీకు అడ్డు కాదు, ఆసరా. వెళ్ళలేకపోవడానికి అది ఒక కారణంగా మీకు పనికొస్తోంది.

ఇలా ఎందుకంటున్నానంటే, మూడు పేజీల ఉత్తరంలో రెండో పేజీ చివర మీరు రెండు వాక్యాలు రాసి వదిలేశారు. "2023లో తను ఒకసారి ఫోన్ చేసింది. నాన్నకి క్రియాటినిన్ 4.8 వచ్చింది, విశాఖలో ఎవరికి చూపించమంటావు అని అడిగింది, మీటింగులో ఉన్నాను సాయంత్రం చేస్తానన్నాను, కుదరలేదు." ఆ తర్వాత వెంటనే మళ్ళీ తుఫాను సంగతులు. ఆయన ఏడాదిగా పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నారని మీకు ఇంకెవరో వాలంటీరు చెబితే తెలిసింది. మీ ఉత్తరం అంతా ఆ సాయంత్రం గురించే. ఊరు గురించి కాదు.

ఉత్తరాంధ్రలో నేస్తం కట్టడమంటే ఏమిటో మీకు తెలియక కాదు. పేరు పెట్టి పిలవడం మానేసి "నేస్తం" అని పిలుచుకున్నారు. ఆవిణ్ణి అమ్మ అన్నారు, ఆయన్ని నాన్న అన్నారు. ఆ ఇంట్లో మంచికీ చెడుకీ మీ పేరు తలుచుకుంటారు. అంటే, నాన్నకి రిపోర్టు వచ్చిన రోజున ఆ పిల్ల ఫోన్ చేసింది ఒకప్పటి వాలంటీరుకి కాదు, తోబుట్టువుకి. మీరు మాత్రం "ఆ కుటుంబం", "లబ్ధిదారులు" అని రాస్తున్నారు. మాట ఎక్కడ మారిందో చూసుకోండి.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మీరు రాత్రుళ్ళు దీని గురించే ఆలోచిస్తూ ఉంటారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. అది మామూలుగా 1.2 లోపు ఉండాలి. 4.8 అనేసరికి కిడ్నీల శక్తిలో చాలా భాగం అప్పటికే పోయి ఉంటుంది. పోయింది తిరిగి రాదు. మంచి డాక్టరు, బీపీ అదుపు, ఉప్పు తగ్గించడం, నొప్పి మాత్రలు మానడం వల్ల కొన్ని నెలలో, కొన్నేళ్ళో వెనక్కి నెట్టగలుగుతారు, అంతే. కాబట్టి మీరు ఫోన్ చెయ్యకపోవడం వల్లే ఆయన డయాలసిస్‌కి వచ్చారని అనుకోవద్దు. అలాగని ఊపిరి పీల్చుకోవడమూ వద్దు. ఆ పిల్లకి డాక్టరు పేరు ఎవరైనా చెప్పి ఉంటారు. ఆ కాయితం చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు మీ గొంతు కావాలనుకుంది. దానికి మీరు బాకీ.

ఆ బాకీ తీరకుండా ఆ గడప తొక్కకండి. ఆరుగురితో కలిసి, బ్యానరుతో, బియ్యం మూటలతో అసలే వద్దు. పది మంది ముందు ఆ అమ్మాయి మిమ్మల్ని ఏమీ అడగలేకపోతుంది. నవ్వి, టీ ఇచ్చి పంపించేస్తుంది. మీరు "అంతా బాగానే ఉంది" అనుకుని వచ్చేస్తారు. అది ఇద్దరి మధ్యా శాశ్వతంగా మిగిలిపోతుంది.

ముందు ఫోన్. వాట్సాప్ మెసేజ్ కాదు, ఫోన్. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య చెయ్యండి, వంటలయ్యి కాస్త తీరిక ఉండే వేళ. డయాలసిస్ ఉన్న రోజు చెయ్యొద్దు. ఆ రోజు ఇంటిల్లిపాదీ అలిసిపోయి ఉంటారు. ఎత్తగానే కుశల ప్రశ్నలు వెయ్యకండి. మొదటి మాటగా ఇది చెప్పండి: "నేస్తం, నాన్నకి డాక్టరు గురించి నువ్వు అడిగితే సాయంత్రం చేస్తానని చెయ్యలేదు. తప్పు నాదే." అక్కడ ఆగిపోండి. అప్పుడు నాకు ఏడో నెల, ఆఫీసులో అలా, ఇంట్లో ఇలా అని మొదలుపెట్టారో, ఆ అమ్మాయి "పర్లేదులే నేస్తం" అని మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. క్షమాపణ అడగడానికి చేసి ఓదార్పు తీసుకోవడం ఇలాంటి ఫోన్లలో ఎక్కువమంది చేసే పొరపాటు. ఆమె మౌనంగా ఉంటే మీరూ ఉండండి. తిడితే వినండి. తిట్టిందంటే ఇంకా నేస్తమే అనుకుంటోంది.

నంబరు మారి ఉంటే ఊళ్ళో ఆశా కార్యకర్త ద్వారానో, అప్పటి వాలంటీరు ద్వారానో కనుక్కోండి. కానీ కబురు వాళ్ళచేత పంపొద్దు, నంబరు మాత్రమే తీసుకోండి.

రమ్మంటే ఎప్పుడు వెళ్ళాలో తననే అడగండి. మీ బృందం అనుకున్నట్టు అక్టోబరు 11న మాత్రం కాదు. మీకది జ్ఞాపకాల రోజు. ఉద్దానానికి అక్టోబరు అంటే ఆకాశం వైపు చూసే నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున. అందులో హుద్‌హుద్ విశాఖ మీద పడింది, మిగిలిన రెండూ వీళ్ళ తోటల్నే కొట్టాయి. ఆ నెలలో రేడియోలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, అక్కడ ఎవరికీ అన్నం సహించదు. సంక్రాంతి వెళ్ళాక మాఘమాసంలో వెళ్ళండి, ఎండలు ముదరకముందు. ఆదివారమైతే మేలు. డయాలసిస్ వారానికి రెండో మూడో సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఉంటుంది. సోమ, బుధ, శుక్ర అనో, మంగళ, గురు, శని అనో వేస్తారు కాబట్టి ఆదివారం సాధారణంగా ఖాళీ. చేయించుకున్న రోజు బీపీ పడిపోయి, కాళ్ళు పట్టేసి, మాట్లాడే ఓపిక కూడా ఉండదు. మీ నేస్తం తల్లి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తోందని రాశారు. పనిరోజున వెళ్తే మీ కోసం ఆవిడ ఆ రోజు కూలి వదులుకుంటుంది. అడిగితే చెప్పదు.

సికింద్రాబాద్ నుంచి వెళ్ళే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ పలాసలో ఆగుతుంది. పలాసలో దిగి ఊరికి ఆటో మాట్లాడుకోండి. వాళ్ళెవరినీ స్టేషనుకి రమ్మనొద్దు. పొద్దున పదికి వెళ్ళి సాయంత్రం నాలుగుకి బయల్దేరండి. పాపని ఈసారి తీసుకెళ్ళొద్దు, మీ అత్తగారి కోసం కాదు. తప్పు ఒప్పుకునే చోట పిల్లని ఒళ్ళో పెట్టుకుంటే అందరి మాటా పిల్ల మీదకి మళ్ళుతుంది. భర్తనీ తర్వాతి సారి తీసుకెళ్ళండి.

ఇప్పుడు చేతిలో ఏం పట్టుకెళ్ళాలన్నది. జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తున్నామంటే మన చెయ్యి అరటిపళ్ళు, బత్తాయిలు, హార్లిక్స్ సీసా మీదకే వెళ్తుంది. ఆ మూడూ ఆయనకి పనికిరావు. కిడ్నీలు పనిచెయ్యనప్పుడు పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పుతుంది. అరటి, బత్తాయి, కమలా, పనస, కొబ్బరి నీళ్ళు అన్నిట్లోనూ పొటాషియం ఎక్కువ. పాలపొడి పానీయాల్లో భాస్వరం ఎక్కువ, అది ఎముకల్ని తినేస్తుంది. కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన రైతు ఇవాళ తన చెట్టు బొండం తాగకూడదు. ఆ మాట ఆయన ముందు ఎత్తకండి. మీకు బొండం కొట్టిస్తారు, కాదనకుండా తాగండి, ఆయన్ని మాత్రం "మీరూ తాగండి నాన్నా" అని బలవంతం చెయ్యకండి. టీ అయినా, మంచినీళ్ళయినా అంతే. డయాలసిస్‌లో ఉన్న చాలామందికి రోజు మొత్తానికి లీటరు లోపే కొలత ఉంటుంది. పచ్చళ్ళు, అప్పడాలు, కారప్పూస కూడా తీసుకెళ్ళొద్దు. ఉప్పు తింటే దాహం, దాహంతో నీళ్ళు, నీళ్ళతో ఆయాసం.

ఆయనకి ఒక మెత్తటి, తేలికైన దుప్పటి కొనండి. ఏసీ గదిలో నాలుగు గంటలు రక్తం బయట తిరిగి వస్తుంటే చాలామంది వణికిపోతారు. ముందు గుండీలుండే, చేతులు వదులుగా ఉండే రెండు చొక్కాలు. సూదులు గుచ్చే చెయ్యి మీద బిగుతు పనికిరాదు. ఆ చేతినే పట్టుకుని ఊపెయ్యకండి, రెండో చెయ్యి పట్టుకోండి. అమ్మకి నేత చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ. నేస్తానికి కూడా చీర. ఇవి సాయం కింద లెక్కకి రావు, బంధువులు తెచ్చేవి.

"నీళ్ళ వల్లే వస్తోందట కదా" అని అడగొద్దు. ఉద్దానం ఊళ్ళలో ఇంతమందికి వచ్చే ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతమంది శాస్త్రవేత్తలు తిరిగినా తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. వాళ్ళకి తెలియంది మీరు చెప్పేదేమీ లేదు. వాళ్ళిచ్చిన నీళ్ళు తాగండి. బ్యాగులోంచి సీసా తీశారంటే, చెప్పకుండానే అంతా చెప్పినట్టే.

మొక్కల సంగతి. మీరు నాటించిన అరవైలో ఎన్ని బతికాయో చూడాలని ఉందని రాశారు. పొడవు రకం కొబ్బరి ఆరేడేళ్ళకి గెల వేస్తుంది, సరిగ్గా ఇప్పుడే మొదలవుతుంది. కానీ అరవైకి అరవై ఉంటాయనుకోకండి. తుఫానుకి పడిన మొద్దులు కుళ్ళిన చోట కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. పెద్ద పురుగు లేత మొవ్వుని తొలుస్తుంది, మొవ్వు పోతే మొక్క పోయినట్టే. మొవ్వు చుట్టూ ఆకు సందుల్లో నెలన్నరకోసారి మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి ఇసుక కప్పుతూ ఉండాలి. మొదటి మూడు వేసవులు నీళ్ళు కట్టాలి. ఆ ఏళ్ళలో ఆయన ఒంట్లో ఏం జరుగుతోందో ఇప్పుడు మీకు తెలుసు. తోటలోకి వాళ్ళు తీసుకెళ్తే వెళ్ళండి. లెక్కపెట్టకండి. "చూసుకోలేదా" అన్న మాట సరదాకి కూడా రాకూడదు. ఫొటోలు అసలు వద్దు.

పాతిక వేల సంగతి మరీ బాధనిపించింది. కవరు చేతిలో పెట్టగానే ఆ సాయంత్రానికి ధర కట్టినట్టవుతుంది. వాళ్ళు తీసుకుంటే నేస్తం తెగింది, తీసుకోకపోతే మీకు కోపం వస్తుంది. వైద్యానికి ప్రభుత్వ పథకం ఉంది, డయాలసిస్ పింఛను నెలకు 10,000 ఉంది. ఖర్చంతా రాకపోకలకీ, తోడు వెళ్ళిన మనిషి పోగొట్టుకునే కూలికీ అవుతుంది. రెండు మూడు సార్లు రాకపోకలు జరిగాక, మాట మామూలయ్యాక, "నాన్నకి నెలలో కొన్ని ట్రిప్పుల ఆటో నేను చూసుకుంటాను నేస్తం" అని తోబుట్టువు అడిగినట్టు అడగండి. మొదలుపెడితే ఒక్క నెల కూడా ఆపొద్దు. అలా కుదరదనుకుంటే మొదలుపెట్టొద్దు. ఆ ఇంటికి మీ నోటి నుంచి ఇంకో "సాయంత్రం చేస్తాను" రాకూడదు.

ఫోన్ ఎత్తకపోతే? వారం ఆగి మళ్ళీ చెయ్యండి. అప్పటికీ ఎత్తకపోతే మొదట చెప్పమన్న ఆ రెండు మాటలే వాయిస్ మెసేజీగా పంపి ఊరుకోండి. రావొద్దంటే వెళ్ళకండి. మీ బృందంతో కలిసి ఆ ఊరికి కూడా వెళ్ళకండి. ఆ వీధిలో మీరు తిరుగుతుంటే ఆమె తలుపు వేసుకుని కూర్చోవాల్సిన పరిస్థితి తేవొద్దు. ఉగాదికి ఒకసారి ఫోన్ చెయ్యండి. అక్టోబరులో ఆకాశం మబ్బు పట్టినప్పుడు ఇంకోసారి చెయ్యండి.