సగటు బాగుందని సంతకం పెట్టకు

చిరంజీవి ప్రసాద్‌కు ఆశీస్సులు.

లూమ్ షెడ్డు వాళ్ల ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, ఇక నీదేనని తెలిసింది. మెషీన్ నడపడం తొందరగానే వస్తుంది నాయనా. తప్పులు ఎక్కువగా దాన్ని ఆన్ చేయకముందే దొర్లుతాయి.

షిఫ్టు దిగినవాణ్ణి నేరుగా కుర్చీలో కూర్చోబెట్టకు. మోతకు మొద్దుబారిన చెవి తేరుకోవడానికి గంటలు పడుతుంది, ఈలోపు తీసిన గ్రాఫు శాశ్వత నష్టంలా కనిపిస్తుంది. మొదటి గ్రాఫుకైతే 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి. వారపు సెలవు మర్నాడు పొద్దున్నే పెట్టుకో, రాత్రి ఊరేగింపులో డీజే పక్కన నడిచాడేమో అడుగు. చెవిలో గులిమి ఉందేమో ఆటోస్కోప్‌తో చూడు. కమ్మలు, కళ్లజోడు తీయించి ఎర్ర ఇయర్‌ఫోన్ కుడికి, నీలంది ఎడమకు నువ్వే పెట్టు.

నీ చేతులు అతనికి కనపడకూడదు. బాగా వినిపించే చెవిలో 1000 హెర్ట్జ్ టోన్‌తో మొదలుపెట్టు. వింటే 10 డెసిబెల్స్ తగ్గించు, వినకపోతే 5 పెంచు. పెంచుకుంటూ వెళ్లేటప్పుడు మూడింట రెండుసార్లు చెయ్యెత్తిన అతి తక్కువ స్థాయే త్రెషోల్డ్. తర్వాత 2000, 3000, 4000, 6000, 8000, మళ్లీ 1000, చివర 500. రెండు 1000ల మధ్య తేడా 5 దాటితే అతనికి మళ్లీ వివరించి మొదటినుంచి చెయ్యి. టోన్‌ల మధ్య వ్యవధి ఒకేలా ఉంచావో, వినకపోయినా లెక్క ప్రకారం చెయ్యెత్తేస్తారు. చెవిలో హోరున్నవాళ్లకు ఆగి ఆగి మోగే టోన్ పెట్టు. వచ్చినవాళ్లందరికీ 500 దగ్గరే తగ్గుతుంటే చెవుల్ని అనుమానించకు, గదిలో ఏసీనో గోడ అవతలి కంప్రెసర్నో చూడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణ ఇది: మెరుగైన చెవిలో 500, 1000, 2000, 4000ల దగ్గరి త్రెషోల్డ్‌ల సగటు 20 డెసిబెల్స్ లోపైతే మామూలు, 35 లోపు స్వల్పం, 50 లోపు మధ్యస్థం, 65 లోపు ఓ మోస్తరు తీవ్రం, 80 లోపు తీవ్రం, 95 లోపు అతి తీవ్రం, ఆపైన పూర్తి చెవుడు. మనిషికి ఎంత ఇబ్బందో చెప్పడానికి ఇది చాలు. మోత దెబ్బను మాత్రం ఇది దాచేస్తుంది. 500, 1000 దగ్గర 10, 2000 దగ్గర 15, 4000 దగ్గర 40 ఉన్నవాడి సగటు 18.75. కాగితం మీద మామూలే! అతని మొదటి గ్రాఫు తీసి చూడు: అప్పుడు 2000, 3000, 4000 దగ్గర 10, 15, 20 ఉండి ఇప్పుడు 15, 30, 40 అయితే, సగటున 13 పైనే దిగజారాడు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా నియమంలో సగటున 10 దిగజారినా చాలు, చర్య తీసుకోవాలి. అందుకే మొదటి గ్రాఫు పారేయకు, దానిమీద కొత్త అంకెలు దిద్దకు. నెలలోపు మళ్లీ పరీక్షించి నిర్ధారించుకో.

4000 చుట్టూ లోయలా దిగి 8000కి తేరుకుంటే మోత పనే. వయసు వల్లయితే 8000 దాకా జారుతూనే పోతుంది. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో రెండూ కలిసిపోయి లోయ చెరిగిపోతుంది, అక్కడ పాత గ్రాఫులే దిక్కు. ఎముక ద్వారా విన్నదానికీ గాలి ద్వారా విన్నదానికీ 10కి మించి తేడా ఉన్నా, ఒక చెవే బాగా దెబ్బతిన్నా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపు. రెండు చెవుల మధ్య 40 తేడా ఉంటే మంచి చెవికి మాస్కింగ్ (ఆ చెవి టోన్ వినకుండా కప్పే హోరు) ఇవ్వకుండా రాసిన అంకె చెల్లదు.

మరొకటి. 60 దగ్గర త్రెషోల్డ్ వచ్చినవాడు వెనకనుంచి మామూలు గొంతుతో పిలిస్తే పలికాడంటే, పరిహారం మాట మనసులో ఉందేమో. దొంగ అనకు, ఇంకో రోజు రమ్మను.

పెదనాన్న