బొమ్మ ఇటుకల జాబితా చూపే టూల్‌తో ఏఐ ఏజెంట్‌కు పనేంటి?

అడిగినవారు కొంచెం వెటకారంగానే అడిగారు. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకల పట్టికను ఏఐ ఏజెంట్‌కు (అంటే చెప్పిన పనిని తనే చేసుకుపోయే ఏఐకి) తగిలించే టూల్ ఒకటి చూశారట, ఆ మాత్రం ఏఐకి తెలియదా అంటున్నారు. తెలియదండీ. నేను డబ్బు పోసి మరీ తెలుసుకున్నాను.

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. వేసవి సెలవుల్లో మావాణ్ని ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్లాను. (ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో కారు పెట్టే చోటు గురించి ఎవరైనా వేరే ప్రశ్న అడగండి, రెండు పేజీలు రాస్తాను.) ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అదే కావాలని పేచీ, అదీ లెగోతో. అసలుది 91 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు. ఇటుక మీది ఒక్కో బొడిపెను రెండు మీటర్లు అనుకుంటే పొడవు 46 బొడిపెలు, వెడల్పు నాలుగు. 2×4 ఇటుకలు అడ్డంగా పేరిస్తే వరసకు 23 పడతాయి. బొడిపెకు 8 మిల్లీమీటర్ల చొప్పున దాదాపు 37 సెంటీమీటర్లు, టీవీ కింద పట్టేస్తుంది. ఇంతవరకూ లెక్క నాదే.

మిగతాది ఏజెంట్‌కు అప్పజెప్పాను. మొదట ఏ టూలూ లేకుండానే, ముందు భాగానికి గుండ్రటి ముక్కలు చెప్పమంటే నాలుగు నంబర్లు ఇచ్చింది (లెగోలో ఒక్కో రకం ముక్కకు ఒక్కో నంబరు). వెతికితే రెండింటి జాడే లేదు, ఒకటి తలుపు. చెప్పిన ధీమా చూస్తే మాత్రం డెన్మార్క్‌లో లెగో ఫ్యాక్టరీలోనే పుట్టి పెరిగిందనుకోవాలి! అప్పుడు తగిలించాను ఈ జాబితా టూల్‌ని. ఏజెంట్ ఇక ఊహించదు, పట్టిక తిరగేస్తుంది. 2×4 ఇటుక అంటే 3001, అదే కొలతలో పలచటి ప్లేట్ అంటే 3020. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ప్లేట్ ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లకు ఒక ఇటుక. ఈ సంగతులు దొరికాక తలుపులు పెట్టడం మానేసింది.

నల్లవి ఇంట్లో ఉన్నాయి. అడుగు వరస ఎర్రగా ఉండాలని మావాడి పట్టు. ఏజెంట్ జాబితా రాసింది: 3001, రంగు 4, 23 ముక్కలు. విడి ముక్కలు ఈ ఊళ్లో ఏ షాపులోనూ దొరకవు, అన్నీ డబ్బాలే, డబ్బా ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని విడి ముక్కలు అమ్మే వెబ్‌సైట్ బ్రిక్‌లింక్‌లో ఆ జాబితా పెట్టి, సరిచూడకుండా ఆర్డర్ నొక్కేశాను. పార్సిల్ విప్పితే 23 ఇటుకలూ నారింజ రంగు.

మా నాన్న స్టీల్ ప్లాంట్ స్టోర్స్‌లో చేసి రిటైరయ్యారు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని, "ఏటిరా ఇది, కమలాపండు సబ్‌మెరైనా?" అన్నారు. రంగు 4 అనే ఇచ్చాం నాన్నా, 4 అంటే ఎరుపే అన్నాను.

"ఏ లెడ్జర్‌లో నాలుగు?"

అక్కడ దొరికింది తప్పు. 1995లో జేమ్స్ జెస్సిమన్ మొదలుపెట్టిన ఎల్‌డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు 4. లెగో ముక్కల జాబితాలు ఉండే రీబ్రికబుల్ వెబ్‌సైట్‌లోనూ అంతే. బ్రిక్‌లింక్‌లో ఎరుపు 5, నాలుగేమో నారింజ. లెగో కంపెనీ సొంత లెక్కలో అదే ఎరుపు 21. టూల్‌ని అనడానికి లేదు, అది ఏ అంకె ఎవరిదో పక్కనే రాసి ఇచ్చింది. ఏజెంట్ అంకెను పట్టుకొచ్చి పేరును దారిలో పారేసింది. నేనూ చూడలేదు.

స్టోర్స్‌లో చిన్న నట్టు కావాలన్నా ఇండెంట్ మీద కోడ్ లేకపోతే నాన్న ఇచ్చేవారు కాదట, తిట్టినా సరే. ఆ పనిని గుమాస్తా పని అని చిన్నచూపు చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇప్పుడు నా ఉద్యోగం రుషికొండలో. రోజూ మీటింగుల్లో ఏజెంట్, ఏజెంట్ అనే జపం. ఒకే సరుకు మూడు పేర్లతో పడి ఉన్న మా ఐటెమ్ మాస్టర్‌ని, అదే సరుకుల పట్టికని, శుభ్రం చేయమంటే మాత్రం అందరికీ వేరే పనులుంటాయి. నన్నడిగితే ఏ ఏఐ మోడల్ అన్నది రెండో సంగతి, జాబితా రాసేవాడే అసలు మనిషి. ఇందులో నాకు అనుమానమే లేదు.

మీరు అడిగింది ఉపయోగమా అని కదా. ఉపయోగమే. కాకపోతే తగిలించే ముందు ఎరుపు అడిగి చూడండి. ఒట్టి 4 అని ఊరుకుంటే వద్దు.

సబ్‌మెరైన్ నారింజ అడుగుతోనే టీవీ కింద ఉంది. పైన బురుజుకు నల్లటి 1×2లు మూడు తక్కువ పడ్డాయి. ఈసారి ఏజెంట్ జాబితా రాస్తుంటే నాన్న కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నారు. ఎల్‌డ్రాలో నలుపు 0, బ్రిక్‌లింక్‌లో 11 అని పాత డైరీలో గీత కొట్టి రాసుకున్నాకే ఆర్డర్ నొక్కనిచ్చారు.