నడకంటే పది నిమిషాలకే విసుగు: ఇలా చేసి చూడండి

ఐదేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప నడక మొదలైన పది నిమిషాలకే "ఇంటికి పోదాం" అంటున్నారని రాశారు కదండీ. మా ఇంట్లోనూ ఇదే గోల ఉండేది. దూరం తగ్గించాక సర్దుకుంది. అర కిలోమీటరు చాలు, చేతులకి పని ఉండాలి అంతే.

పాత తెల్ల గొడుగు, భూతద్దం, కాగితాలు, క్రేయాన్లు పట్టుకెళ్లండి. చిగురేసిన కొమ్మ కింద గొడుగు తిరగేసి పట్టుకుని కొమ్మను మెల్లగా తట్టండి. చిన్న చిన్న పురుగులు, సాలీళ్లు రాలిపడతాయి. కాళ్లు లెక్కపెట్టమనండి: కీటకానికి 6, సాలీడుకి 8. గొంగళిపురుగు పడితే మీ పాప మిమ్మల్ని పట్టేస్తుంది, దానికి ఇంకా ఎక్కువ కనిపిస్తాయి! ముందున్న ఆరే అసలు కాళ్లు, వెనకవి పట్టు కోసం ఉన్న కండ బొడిపెలు. బొచ్చు ఉన్నవాటిని మాత్రం ముట్టుకోనివ్వకండి, ఒకటే దురద. చూడటం అయ్యాక అన్నింటినీ అక్కడే వదిలేయండి.

బాబుకి ఆకు అచ్చులు ఇవ్వండి. ఆకు వెనకవైపు పైకి పెట్టి, మీద కాగితం పరిచి, క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దితే ఈనెలు తేలతాయి.

మరీ తెల్లవారుజామున వద్దు. కాస్త ఎండ ఎక్కాక తేనెటీగలు బాగా కనిపిస్తాయి. వాటి వెనక కాళ్లకి అంటుకున్న పుప్పొడి ముద్దలు దూరం నుంచే చూపించండి.