హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 37. మాది ఖమ్మం దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని ఆసుపత్రికి వెళ్తే పరీక్ష చేసి హెచ్‌పీవీ 16 పాజిటివ్ అన్నారు, అదో వైరస్ అట. పాప్ స్మియర్ (గర్భసంచి మూతి కణాల పరీక్ష) మాత్రం నార్మల్‌గా వచ్చింది. అసలు వైరస్ వల్ల క్యాన్సర్ ఎలా వస్తుంది? ఇది కలయిక వల్లే అంటుకుంటుందని విన్నప్పటి నుంచి మా ఆయన మీద అనుమానంతో నిద్ర పట్టడం లేదు. పిల్లలు పుట్టేశారు కాబట్టి గర్భసంచి తీయించుకుంటే పీడ వదులుతుందని మా వదిన అంటోంది. మా పాపకు 12 ఏళ్లు. టీకా వేయిద్దామంటే, అప్పట్లో మా జిల్లాలో ఆ టీకా వేసుకున్న పిల్లలు చనిపోయారని భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

సలహా: అమ్మా, మీ రిపోర్టులో ఉన్నది ఇన్ఫెక్షన్. క్యాన్సర్ అని అందులో ఎక్కడా లేదు. ఈ ఇన్ఫెక్షన్ క్యాన్సర్‌గా మారాలంటే మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. చాలామందిలో అసలు మారనే మారదు. అలాగని రిపోర్టును బీరువాలో పెట్టి మరిచిపోకూడదు. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలుంటే, క్యాన్సర్‌కు దారితీసేవి 14 దాకా ఉన్నాయి. వాటిలో 16వ రకం అన్నింటికన్నా మొండిది. 16, 18 రకాలు రెండూ కలిసి గర్భాశయ ముఖద్వార (గర్భసంచి మూతి) క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం.

వైరస్‌కూ క్యాన్సర్‌కూ సంబంధమేమిటని మీరు అడగడం సహజమే. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఈ విషయంలో హెర్పిస్ వైరస్‌ను అనుమానించారు. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో ఈ క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ 16నూ, మరుసటి ఏడాది 18నూ కనిపెట్టింది. అందుకే ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

గర్భసంచి మూతి దగ్గర రెండు రకాల పొరలు కలుస్తాయి. బయటి వైపు దట్టంగా పేర్చినట్టుండే కణాలు, లోపలి వైపు ఒకే వరుసలో ఉండే సున్నితమైన కణాలు. ఆ రెండూ కలిసేచోట కణాలు ఒక రకం నుంచి మరో రకానికి మారుతూనే ఉంటాయి. కంటికి కనపడనంత చిన్న గీరు పడినా చాలు, వైరస్ అక్కడి అడుగు పొరలోకి చేరుతుంది. అది రక్తంలోకి వెళ్లదు, జ్వరం తేదు, కణాన్ని పగలగొట్టదు, వాపు రానివ్వదు. అందుకే మన రోగనిరోధక శక్తి దాన్ని ఆలస్యంగా గుర్తిస్తుంది, మీకూ ఏమీ తెలియదు. (మీ తెల్లబట్టకు బహుశా వేరే కారణం ఉంటుంది. హెచ్‌పీవీ మామూలుగా తెల్లబట్ట తేదు. దానికి విడిగా చూపించుకోండి.)

వైరస్ పెరగాలంటే అది చేరిన కణం విభజన చెందుతూ ఉండాలి. కానీ మన కణాలు పై పొరకు చేరేసరికి విభజన ఆపేస్తాయి. అలా ఆపడానికి కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ కాపలా కాస్తుంది. ఏదైనా తేడా వస్తే ఆ కణాన్ని చంపేయడానికి పీ53 అనే మరో కాపలా ఉంటుంది. హెచ్‌పీవీ తయారుచేసే ఇ7 ప్రొటీన్ మొదటి కాపలాను పనిచేయకుండా కట్టేస్తుంది, ఇ6 ప్రొటీన్ రెండోదాన్ని నాశనం చేస్తుంది. దాంతో ఆగాల్సిన కణం ఆగదు, చావాల్సిన కణం చావదు.

అయినా నూటికి తొంభై మందిలో శరీరమే ఒకటి రెండేళ్లలో ఈ వైరస్‌ను అణిచేస్తుంది. మిగిలినవారిలో అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అప్పుడు కొన్నిసార్లు వైరస్ డీఎన్‌ఏ తెగి మన కణం డీఎన్‌ఏలో కలిసిపోతుంది. అలా తెగినప్పుడు ఇ6, ఇ7లను అదుపులో ఉంచే ఇ2 అనే జన్యువు తరచూ పాడవుతుంది. ఇక వాటికి పగ్గం ఉండదు. కణంలో తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. క్యాన్సర్ అక్కడ మొదలవుతుంది. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ 1951లో ఈ క్యాన్సర్‌తోనే చనిపోయారు. ఆమె నుంచి తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ 18 ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కణాల్లో ఇ6, ఇ7లను ఆపితే వాటి పెరుగుదల ఆగిపోతుంది. అంటే క్యాన్సర్ ముదిరాక కూడా వైరస్ జన్యువుల మీదే ఆధారపడి బతుకుతోందన్నమాట.

మీ నిద్ర చెడగొడుతున్న విషయానికొస్తాను. ఈ వైరస్ కలయిక ద్వారా వస్తుందన్నది నిజం. కానీ ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో వచ్చి, ఇన్నేళ్లూ అణిగి ఉండి ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. దాంపత్య జీవితం ఉన్న ఆడవాళ్లలో, మగవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. కాబట్టి ఈ రిపోర్టు పట్టుకుని ఎవరి నడతనూ తేల్చలేం. మీ ఆయన్ని పరీక్షలకు పంపనక్కర్లేదు, మగవాళ్లకు మామూలుగా చేసే హెచ్‌పీవీ పరీక్ష ఏదీ లేదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ జవాబు చదివించండి. మీకిప్పుడు కావాల్సింది ఆయన తోడు.

ఇక చేయాల్సింది. 16 గానీ 18 గానీ పాజిటివ్ అయితే, పాప్ స్మియర్ నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీ చేయించాలి. పాప్ స్మియర్ కొన్నిసార్లు మార్పులను పట్టుకోలేదు, వైరస్ మీలో ఎన్నాళ్లుగా ఉందో మనకు తెలియదు. కాల్పోస్కోపీలో గర్భసంచి మూతికి పలచని ఎసిటిక్ యాసిడ్ రాసి, పెద్దదిగా చూపించే అద్దంతో చూస్తారు. అనుమానం ఉన్నచోట తెల్లగా కనిపిస్తుంది, అక్కడి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల గైనిక్ విభాగంలో ఇది చేస్తారు. తేడా ఏమీ లేదంటే ఏడాదికి మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేయించాలి. తక్కువ స్థాయి మార్పులైతే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, గమనిస్తూ ఉంటే చాలు. క్యాన్సర్‌కు ముందు దశలైన సీఐఎన్ 2, 3 స్థాయి మార్పులుంటే పాడైన పొరను వేడితో కాల్చేస్తారు, లేదా లీప్ పద్ధతిలో కరెంటుతో పనిచేసే సన్నని తీగతో తీసేస్తారు. ఎక్కువగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. వైరస్‌ను చంపే మాత్ర గానీ, క్రీమ్ గానీ లేవు. అలాంటివి అమ్మేవాళ్లకు డబ్బు పోగొట్టుకోకండి. ఒకసారి హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ మార్పులు 5 నుంచి 10 ఏళ్లలోనే ముదిరిపోతాయి.

గర్భసంచి మాత్రం తీయించుకోకండి. దేశంలో చిన్న వయసులోనే గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరుగుతున్నది మన రెండు రాష్ట్రాల్లోనేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్టకూ, నడుం నొప్పికీ, ‘క్యాన్సర్ వస్తుందేమో’ అన్న భయానికీ ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. గర్భసంచి తీసినా యోనిలో వైరస్ ఉండిపోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ముందే ముట్లుడిగి ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. లోపల నిజంగానే క్యాన్సర్ ఉండి, బయాప్సీ లేకుండా మామూలు ఆపరేషన్ చేసేస్తే ఆ వైద్యం సరిపోదు. తర్వాత చికిత్స మరింత కష్టమవుతుంది. మీ వదిన మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఈ విషయంలో ఆమె మాట వినకండి.

పాప టీకా సంగతి. మీ జిల్లాలో జరిగినదాన్ని దాచాల్సిన పనిలేదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక ప్రాజెక్టు కింద ఈ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. పాము కాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటివి ఆ మరణాలకు కారణాలనీ, టీకాతో చాలావరకు సంబంధం లేనట్టేననీ విచారణ కమిటీ చెప్పింది. కానీ అప్పుడు తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదు. చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తప్పు ఘోరమైనదే. తల్లిదండ్రులకు కలిగిన కోపం న్యాయమైనది. అయితే అది టీకా వేసిన తీరులో తప్పు. టీకా గురించి ఆ తర్వాత వచ్చిన ఆధారాలు చాలా బలంగా ఉన్నాయి. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు టీకా వేసుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది. మన దేశంలో తయారైన సర్వావ్యాక్ అనే టీకా కూడా 2023 నుంచి దొరుకుతోంది.

వైరస్ సోకకముందే వేస్తేనే దీని ఫలితం పూర్తిగా ఉంటుంది కాబట్టి 12 ఏళ్లు సరైన వయసు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చేయి నొప్పి, కాస్త జ్వరం రావొచ్చు. కొందరు పిల్లలకు కళ్లు తిరుగుతాయి కాబట్టి వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి. మీలో ఇప్పటికే ఉన్న ఇన్ఫెక్షన్‌ను మాత్రం ఈ టీకా తగ్గించదు.

కాల్పోస్కోపీకి నెలసరి ఆగిన వారం లోపు తేదీ తీసుకోండి. ముందు రెండు రోజులు కలయిక వద్దు, యోనిలో పెట్టే మాత్రలు వద్దు. హెచ్‌పీవీ, పాప్ స్మియర్ రిపోర్టులు రెండూ వెంట తీసుకెళ్లండి. ఈలోగా కలయిక తర్వాత గానీ, నెలసరుల మధ్య గానీ రక్తం కనిపించినా, దుర్వాసనతో కూడిన నీళ్లలాంటి స్రావం అయినా ఆ తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్లి చూపించుకోండి.