పేపరు చుట్ట చూస్తే వణుకుతోంది, మాట మాత్రం వినడం లేదు

ప్రశ్న: మా కుక్కకి ఏడాదిన్నర. మేమిద్దరం ఉద్యోగాల నుంచి ఇంటికొచ్చేసరికి చెప్పులో దిండో చింపి పెడుతుంది. మావారు రాగానే పేపరు చుట్టి కొడతారు. ఇంట్లో మూత్రం పోస్తే మెడ పట్టుకుని దాని ముక్కు అందులో అదుముతారు. ఇప్పుడు ఆయన గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఒదిగిపోయి అక్కడే తడిపేస్తోంది. నేను అడ్డుపడితే ‘నీ గారాబంతోనే చెడింది, దానికి యజమానెవరో తెలియాలి’ అంటారు. పోయిన వారం మా ఎనిమిదేళ్ల బాబు దాని తిండి గిన్నె జరపబోతే గుర్రుమంది. ‘కుక్క తోక వంకర పోదు, ఎవరికైనా ఇచ్చేద్దాం’ అంటున్నారాయన. బాబు కూడా పేపరు చుట్టి దాన్ని బెదిరిస్తున్నాడు. దండించకుండా కుక్కను దారిలో పెట్టలేమా?

జవాబు: ముందు గిన్నె సంగతి చూద్దాం, మిగతావి ఓ వారం ఆగినా పర్వాలేదు. ఈ రోజు నుంచి కుక్కకి వేరే గదిలో తలుపు వేసి తిండి పెట్టండి. అది తింటున్నప్పుడు బాబు ఆ వైపు వెళ్లకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా వాళ్లిద్దరినీ ఒకచోట వదలకండి. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి. అది కుక్క ఇచ్చే హెచ్చరిక. కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోయి భయం మిగులుతుంది. అలాంటి కుక్కే ఓ రోజు చప్పుడు చేయకుండా కరుస్తుంది. కొన్నాళ్లు పోయాక మీరు, అంటే పెద్దవాళ్లే, దూరం నుంచి గిన్నె వైపు దానికి మరింత ఇష్టమైన ముక్క ఒకటి విసిరి వెనక్కి వచ్చేయండి. మనిషి దగ్గరికొస్తే ఉన్నది పోదు, ఇంకోటి వస్తుందని దానికి అర్థం కావాలి. ఈలోపు ఒళ్లు బిగబట్టడం, పళ్లు చూపించడం మొదలుపెడితే మీ ప్రయోగాలు ఆపి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక పేపరు చుట్ట. చెప్పు చింపింది మధ్యాహ్నం, దెబ్బ పడింది సాయంత్రం. ఈ రెంటినీ కలిపి చూసుకునే తెలివి కుక్కకి లేదు. ఏ పనికైనా ఫలితం ఆ క్షణంలోనో, మహా అయితే మరుక్షణంలోనో అందాలి. సాయంత్రం మీ కుక్క నేర్చుకుంటున్నదల్లా ‘తలుపు తెరుచుకుంటే దెబ్బలు’ అన్న ఒక్క పాఠమే. ‘తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి’ అని మీవారు అనొచ్చు, చాలామంది అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ మొహం సంగతే పరీక్షించారు. యజమాని తిట్టినప్పుడు, ఏ తప్పూ చేయని కుక్కలు కూడా అదే ‘దొంగ మొహం’ పెట్టాయి. చెవులు వాల్చి, చూపు తిప్పుకుని అది అడిగేది ‘నన్నేం చేయకు’ అనే.

గుమ్మంలో తడిపేయడం కూడా అందులో భాగమే. అందుకు దాన్ని తిట్టేకొద్దీ ఇంకా తడుపుతుంది. ఆయన ఇంట్లోకి రాగానే కుక్క వైపు చూడకుండా, దాని మీదికి వంగకుండా నేరుగా బయటికి తీసుకెళ్లాలి. పలకరింపులు ఆ తర్వాతే. మిగతా వేళల్లో కూడా ఇంట్లో పోస్తుంటే, ఒకసారి మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉన్న కుక్కకి ఎంత క్రమశిక్షణ నేర్పినా ఆపుకోలేదు.

చింపడం గురించి నాదో అనుమానం. పగలంతా ఒంటరిగా ఉన్న ఏడాదిన్నర కుక్క ఏం చేస్తుంది చెప్పండి? మీరు బయల్దేరాక ఇంట్లో ఓ ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఉంచండి. మీరు వెళ్లిన కాసేపటికే తలుపు గీరుతూ, ఏడుస్తూ చింపుతుంటే అది ఒంటరితనపు బెంగ, దానికి వైద్యం ఉంది. హాయిగా నిద్రపోయి లేచి, ఏం తోచక నములుతుంటే మాత్రం పని మీదే: పొద్దున్నే వాసనలు చూస్తూ తిరిగేలా నడిపించడం, తిండిలో కొంత బొమ్మలో కుక్కి పెట్టి వెళ్లడం, చెప్పులు బీరువాలో దాచడం. చెప్పులు దాచమన్నానని నవ్వకండి. అందనిది చింపదు కదా!

దండన అసలే వద్దా అన్నారు. మీద పడి ఎగిరితే దాన్ని చూడకుండా అటు తిరిగి నిలబడండి, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టగానే మెచ్చుకోండి. ఎగిరి సాధించలేనిది నిలబడితే దొరుకుతుందని తెలిస్తే, ఆ దండన చాలు దానికి. ‘వద్దు’ అన్న వెంటనే ఏం చేయాలో చూపించండి, చేయగానే తినడానికి ఓ ముక్క ఇవ్వండి. ఒకరు సోఫా ఎక్కనిచ్చి ఇంకొకరు దించితే మాత్రం ఎన్నేళ్లైనా నేర్చుకోదు. ఇందులో మీ తప్పు కూడా కాస్త ఉంది. ఆయన కొడుతుంటే మీరు అడ్డుపడుతున్నారు, అంతకుమించి ఏదీ నేర్పలేదు.

‘యజమానెవరో తెలియాలి’ అన్న మాట, బోనుల్లో పెట్టిన తోడేళ్లను చూసి, గుంపులో ఒకటి మిగతావాటిని అణచి పెత్తనం చేస్తుందని వెనకటి శాస్త్రజ్ఞులు చెప్పిన దాన్నుంచి పుట్టింది. ఆ భావనను ప్రచారం చేసినవాళ్లలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించాక 1999లో తన అభిప్రాయం మార్చుకున్నారు. అక్కడ గుంపంటే తల్లిదండ్రులు, పిల్లలు, అంతే. ఇది మీవారికి చెప్పండి, కానీ ఆయన చేతిలో పేపరు ఉన్నప్పుడు కాదు, బాబు ముందు అసలే కాదు. వాదన గెలవడం కన్నా ఆయనకో పని అప్పగించడం మేలు. రోజూ ఐదు నిమిషాలు ‘కూర్చో’ నేర్పే బాధ్యత ఆయనకే ఇవ్వండి. తన మాట విని కూర్చున్న కుక్కను కొట్టాలని ఎవరికీ అనిపించదు.

ఇన్ని చేశాక కూడా ఇచ్చేయాలనుకుంటే, గుర్రుమన్న సంగతి దాచకుండా చెప్పి, పిల్లలు లేని ఇంటికి ఇవ్వండి.

ఇంకో మాట. బాబు చేతిలోకి పేపరు చుట్ట ఎలా వచ్చిందో మీకు తెలుసు. ఆయన చెయ్యి కుక్క దగ్గరే ఆగుతోందా, ఎప్పుడైనా మీ మీదికో బాబు మీదికో లేచిందా? మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. లేచి ఉంటే అది కుక్క సమస్య కాదు. మీకు అండగా నిలిచేవాళ్లకు ఈ రోజే చెప్పి, నాకు విడిగా రాయండి.