రిపోర్టు వచ్చేదాకా: చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఉత్తరం

హనుమకొండ,
కార్తీక మాసం.

బిడ్డా, పెద్దమ్మ ఆశీస్సులు.

సద్దుల బతుకమ్మ నాడు నువ్వు పళ్లెం నెత్తికెత్తుకోబోతే చేతులు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. పక్కనున్న మీ వదినకు అందించి, భుజం పట్టేసిందని నవ్వి తప్పుకున్నావు. నేను అప్పుడే చూశాను. భుజం పట్టేసిన మనిషి మొహంలో నొప్పి కనిపిస్తుంది, నీ మొహంలో భయం కనిపించింది. ఈ కండరాల బలహీనతకు ఎంజీఎం ఆసుపత్రిలో రక్తపరీక్షలు అయ్యాయని, నరాల డాక్టరు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి చీటీ రాశారని, అక్కడ తేదీకి ఇంకా 22 రోజులు ఉన్నాయని మొన్న ఫోనులో చెప్పి, ఈ 22 రోజులు ఎట్లా గడపాలి పెద్దమ్మా అని అడిగావు. జబ్బు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఎదురుచూడటం గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే ఈ దారిలో నేను 5 నెలలు నడిచాను.

అప్పుడు నాకు 46 ఏళ్లు, పరకాల దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరును. మొదటి పీరియడ్‌లో బోర్డు పైఅంచున మొదలయ్యే నా అక్షరాలు మధ్యాహ్నానికి బోర్డు సగానికి, ఏడో పీరియడ్‌కు నడుము ఎత్తుకు దిగిపోయేవి. పిల్లలు ముందు వరుసలో లేచి నిలబడి రాసుకునేవారు. చాక్‌పీసు బరువు ఎంత ఉంటుంది చెప్పు? అదే మోయలేనంత అయ్యేది. ఒక డాక్టరు నరాల బలహీనత అని నెల రోజులు బి కాంప్లెక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంకొక డాక్టరు రిపోర్టులు తిరగేసి, మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. చివరికి జబ్బు పేరు దొరికింది, మందు కూడా దొరికింది, పదవీ విరమణ దాకా పాఠం చెప్పాను. ఆ జబ్బు పేరు ఈ ఉత్తరంలో రాయను. రాస్తే ఈ రాత్రే దాన్ని ఫోనులో వెతికి, ఉన్నవీ లేనివీ అన్ని లక్షణాలూ నీ ఒంట్లో చూసుకుంటావు. నీది అదే కావాలని లేదు.

ఆ 5 నెలల్లో నేను చేసిన పెద్ద తప్పు ఒకటి ఉంది. రాత్రి రెండు గంటలకు లేచి, ఎవరికీ వినపడకుండా వంటింట్లోకి వెళ్లి, నీళ్లు నింపిన స్టీలు బిందెను ఎత్తి చూసుకునేదాన్ని. మొదటిసారి లేస్తే కాస్త ధైర్యం వచ్చేది. నమ్మకం చాలక రెండోసారి, మూడోసారి ఎత్తేదాన్ని. ఐదోసారికి చేతులు వణికి బిందె లేచేది కాదు. ఇక అయిపోయింది, ముదిరింది అనుకుని ఆ గచ్చు మీదే కూర్చుని ఏడ్చేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న మనిషైనా అర్ధరాత్రి నిండు బిందెను అన్నిసార్లు ఎత్తితే చేతులు వణుకుతాయన్న ఆలోచన అప్పుడు రాలేదు. నువ్వు కూడా మెట్లు ఎక్కిదిగి చూసుకుంటున్నావని, పిడికిలి బిగించి మీ ఆయన చేతిని పట్టుకుని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది మానేయాలి బిడ్డా. పరీక్షించడం డాక్టరు పని, గమనించి రాసిపెట్టడం మాత్రమే నీ పని.

ఆ గమనించడానికి ఒక పద్ధతి పెట్టుకో. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీసుకుని, వారానికి ఒక్కరోజు, ఆదివారం అనుకుందాం, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నాలుగే నాలుగు సంగతులు రాయి: పీట మీద నుంచి చేతులు ఆనించకుండా లేవగలిగావా, ఇంటి మెట్లు ఆగకుండా ఎక్కావా, జడ వేసుకునేటప్పుడు చేతులు ఎన్నిసార్లు దించావు, సీసా మూత తిప్పగలిగావా. ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉందా, పని చేసేకొద్దీ పెరిగి కాసేపు కూర్చుంటే తగ్గుతోందా అన్నది డాక్టరుకు చాలా విలువైన సమాచారం, ఎందుకంటే కొన్ని జబ్బులకు అదే గుర్తు. కనురెప్ప వాలినట్టు, మాట ముద్దగా వచ్చినట్టు ఇంట్లోవాళ్లకు కనిపిస్తే ఫోనులో చిన్న వీడియో తీయమను. డాక్టరు గదిలో అడుగు పెట్టేసరికి లక్షణం కనిపించకుండా పోవడం నాకు ఎన్నోసార్లు జరిగింది. మిగతా ఆరు రోజులు ఆ పుస్తకం బీరువాలోనే ఉండాలి.

ఫోనులో వెతకడం గురించి కోప్పడను, నీ వయసులో ఫోను ఉంటే నేనూ వెతికేదాన్ని. కానీ అది నీ మోకాలి మీద సుత్తితో కొట్టి చూడదు, నీ మందుల చీటీ చదవదు, నీ వయసు అడగదు. బలహీనత అని రాయగానే అన్నిటికంటే భయంకరమైన పేరును ముందు పెడుతుంది. డాక్టర్లు మాత్రం దగ్గరి కారణాల నుంచి మొదలుపెడతారు. థైరాయిడ్ తగ్గినా పెరిగినా కండరాలు నీరసిస్తాయి. పొటాషియం పడిపోయినా, విటమిన్ డి బాగా తగ్గినా పీట మీద నుంచి లేవడం కష్టమవుతుంది. కొలెస్ట్రాల్ మాత్రలు కొందరికి కండరాలను బలహీనపరుస్తాయి, చాలాకాలం వాడిన స్టెరాయిడ్లూ అంతే. మెడ ఎముకల దగ్గర వెన్నుపాము మీద ఒత్తిడి పడ్డా కాళ్లూ చేతులూ మాట వినవు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది, కండరానికే వాపు వచ్చే జబ్బులకూ మందులున్నాయి. ఇందులో నీది ఏదో నాకు తెలియదు. ఇంతమంది అనుమానితులు వరుసలో నిలబడి ఉంటే నువ్వు చివరివాడి మొహమే చూస్తూ కూర్చోవద్దని మాత్రం చెబుతున్నాను. అడగాలనిపించిన ప్రశ్నను ఫోనుకు ఇవ్వకుండా నోటుబుక్కు చివరి పేజీలో రాయి. నిమ్స్‌కు వెళ్లే రోజు ఆ పేజీ మన చేతిలో ఉంటుంది.

కండలు అదురుతున్నాయని కూడా అన్నావు. నిద్ర లేకపోయినా, టీ కాఫీలు ఎక్కువైనా, భయం పట్టుకున్నా ఆరోగ్యవంతులకే కండలు అదురుతాయి. ఒక్క అదురును చూసి పెద్ద జబ్బు అనుకోనక్కరలేదు. డాక్టరుకు చెప్పాల్సిన సంగతుల్లో దాన్ని రాసుకుని, తర్వాత టీ రెండు కప్పులకు తగ్గించు.

రాత్రుళ్లే కష్టం, అది నాకు తెలుసు. అప్పట్లో మెలకువ వచ్చినప్పుడు పడుకున్న చోటే పద్దెనిమిదో ఎక్కాన్ని వెనక నుంచి చెప్పుకునేదాన్ని: నూట ఎనభై, నూట అరవై రెండు, నూట నలభై నాలుగు. ఒక్కో అంకెకు ఒక ఊపిరి, పీల్చేదాని కంటే వదిలేది పొడుగ్గా. లెక్క తప్పితే మళ్లీ మొదటికి. నీకు లెక్కలు పడవు, విష్ణు సహస్రనామమో, మన ఊరి నుంచి కాజీపేట దాకా వచ్చే బస్టాపుల పేర్లో, ఏదైనా సరే. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి కూర్చో, మసక వెలుతురులో బట్టలు మడతపెట్టు, ఫోను మాత్రం ముట్టకు. పగలు భయం ముంచుకొస్తే సాయంత్రం ఆరు గంటలకు వాయిదా వేయి. ఆ ఆరింటికి మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై నిమిషాలు మనసులో ఉన్నదంతా చెప్పెయ్, ఏడుపు వస్తే ఏడువు. భయపడటానికి ఒక వేళ ఉందని తెలిస్తే మనసు మిగతా పగటినంతా కొంతైనా వదులుతుంది. నాకు వదిలింది.

అయినా నిద్ర, తిండి రెండూ పోయి, పిల్లాడిని బడికి పంపడం కూడా కష్టమవుతుంటే మానసిక డాక్టరును కలవడానికి వెనకాడకు. అక్కడికి వెళితే అంతా మనసులోనే అని ముద్ర వేస్తారని నువ్వు భయపడుతున్నావు, నాకు అర్థమైంది. కండరాల పరీక్షలు ఒక పక్క జరుగుతాయి, భయానికి వైద్యం ఇంకో పక్క జరుగుతుంది, ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఆపమని ఎవరినీ అననివ్వను. 14416 అనే టెలీ మానస్ నంబరు రోజంతా పని చేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒక్క జాగ్రత్త ఉంది: ఎవరో వాడుతున్న నిద్రమాత్ర తీసుకుని మింగకు. కండరాల జబ్బుల్లో కొన్నిటికి అటువంటి మాత్రలు ఊపిరికే ఇబ్బంది తెస్తాయి. కాబట్టి ఏ మందు రాసే డాక్టరుకైనా నీ బలహీనత సంగతి ముందే చెప్పు.

ఇదే మాట వీధిలోని ఆర్ఎంపీ విషయంలోనూ గట్టిగా చెబుతున్నాను. నీరసంగా ఉందని వెళితే సెలైన్ పెట్టి, దానిలో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కలిపితే రెండు రోజులు బాగుంటుంది. తర్వాత కండరం ముక్క తీసి పరీక్షించాల్సి వస్తే ఆ స్టెరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేయగలదు. కండకు పొడిచే ఇంజెక్షన్లు రక్తంలో సీపీకే అంకెను, అంటే కండ దెబ్బతింటే పెరిగే అంకెను, కూడా పెంచుతాయి. కొన్ని యాంటీబయాటిక్‌లు కొన్ని జబ్బుల్లో బలహీనతను ఒక్కసారిగా పెంచుతాయి. మీ అత్తగారు తాయెత్తు కట్టిస్తానంటే కట్టించుకో, ఆమె మనసూ నిలబడుతుంది. పసరు మందులూ, పేరు లేని పొట్లాలూ మాత్రం చేతులు జోడించి వద్దను. ఇప్పటికే వాడుతున్న మాత్రలను కూడా నీ అంతట నువ్వు ఆపకు.

పరీక్షల గురించి నీకు కలిగిన భయం సగం తెలియకపోవడం వల్లే. నరాల పరీక్షలో చర్మం మీద చిన్న చిన్న కరెంటు దెబ్బలు తగులుతాయి, ఉలిక్కిపడతాము, అంతే. ఈఎంజీ అనే కండరాల పరీక్షలో సన్నని సూదిని కండలో గుచ్చి వినే శబ్దాన్ని బట్టి చూస్తారు. నొప్పి ఉంటుంది, ఓర్చుకోలేనంత కాదు. సూది గుచ్చాక సీపీకే కాస్త పెరుగుతుంది కాబట్టి, ఆ రక్తపరీక్ష మళ్లీ చేయాల్సి ఉంటే ముందే రక్తం తీస్తారేమో అడుగుదాం. దానికి ముందు మూడు నాలుగు రోజులు బరువు పనులు పెట్టుకోకు, పెద్ద శ్రమ చేసినా ఆ అంకె పెరుగుతుంది. కండరం ముక్క తీయడమంటే తొడలోనో భుజంలోనో మత్తు ఇచ్చి చిన్న కోత పెట్టి తీస్తారు. దాని ఫలితానికి వారాలు పట్టవచ్చు, జన్యు పరీక్షకు ఇంకా ఎక్కువే. ఆలస్యమైతే ఏదో దాస్తున్నారని అనుకోకు. ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను నేనే అడుగుతాను.

ఇంకొకటి, ఇది నువ్వు దాచాలనుకుంటున్న సంగతి. మీ అమ్మానాన్నలది మేనరికం. డాక్టరు తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే కొన్ని కండరాల జబ్బులు అటువంటి సంబంధాల్లో పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మీ అమ్మ ముందు చెప్పడానికి నీకు నోరు రాకపోతే నేను చెబుతాను. మీ అమ్మకు నేను ఇప్పటికే చెప్పాను, ఇది ఎవరి తప్పూ కాదని. అప్పట్లో ఇంటింటా అదే జరిగింది. మీ తాతయ్య చివరి రోజుల్లో మెట్లెక్కలేకపోవడం కూడా రాయి, వయసు వల్లే అని మనం అనుకున్నాము, డాక్టరు నిర్ణయించనివ్వు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం 22 రోజులూ లెక్క పెట్టకూడదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, నీళ్లు తాగినా పొరపోవడం, మింగలేకపోవడం, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో కాళ్లు పడిపోతున్నట్టు పెరగడం, మూత్రం మీద పట్టు పోవడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, మూతి ఒక పక్కకు లాగడం. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రైనా 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాటలను ఫ్రిజ్ మీద అతికించి మీ ఆయనకు చూపించు. అవి లేని రోజున, ఈ రోజుకు గండం లేదు అని నీకు నువ్వు చెప్పుకునే హక్కు కూడా ఆ కాగితమే ఇస్తుంది.

మంచం పట్టకు, పరుగులూ పెట్టకు. సాయంత్రం భద్రకాళి బండ్ మీద అలసట రాకముందే ఆగేంత నడక చాలు. బట్టలు, బిందెలు మీ ఆయన ఎత్తుతారు. పిల్లాడు ఎత్తుకోమని అడిగినప్పుడు నువ్వు కింద కూర్చుని వాడిని ఒళ్లోకి రమ్మను, అమ్మ చేతులు అలిసిపోయాయి, డాక్టరు దగ్గరికి వెళుతున్నాము అని చెప్పు. నువ్వు ఏమీ చెప్పకపోతే, తాను ఏదో అల్లరి చేసినందుకే అమ్మ ఎత్తుకోవడం లేదని వాడు అనుకుంటాడు. చుట్టాలకు మాత్రం, పరీక్షలు జరుగుతున్నాయి, తెలిశాక చెబుతాము అన్న ఒక్క మాట చాలు.

ఒక కష్టానికి నిన్ను సిద్ధం చేయాలి. అన్ని రిపోర్టులూ నార్మల్ అని రావచ్చు. అందరూ సంతోషిస్తారు, నువ్వు సంతోషించలేవు. నాకు అట్లాగే జరిగింది. ఇంటికి వచ్చి, ఎంత పెద్ద జబ్బైనా సరే, ఒక పేరు దొరికితే చాలని దేవుడికి మొక్కాను. అట్లా మొక్కినందుకు చాలా కాలం సిగ్గుపడ్డాను కూడా. ఇప్పుడు సిగ్గుపడటం లేదు, బలహీనత ఒంట్లో ఉంటే ఎవరూ నమ్మకపోవడం అంత బాధ పెడుతుంది. అటువంటి రోజు వస్తే, నార్మల్ అంటే ఈ పరీక్షకు చిక్కలేదని మాత్రమే అర్థం చేసుకుని, తర్వాత ఏ పరీక్ష, మళ్లీ ఎన్ని వారాలకు రావాలి అన్న రెండు ప్రశ్నలు డాక్టరును అడిగి, జవాబు రాయించుకునే లేద్దాం. నేను నిన్ను మొదటి రోజు నుంచీ నమ్ముతున్నాను, రిపోర్టును బట్టి కాదు, ఆ పళ్లెం దగ్గర నీ చేతులు చూసి.

నిమ్స్ రోజున పొద్దున కాజీపేట స్టేషన్లో టికెట్ కౌంటర్ పక్క బెంచీ దగ్గర ఉంటాను. సికింద్రాబాదు సుమారు 130 కిలోమీటర్లు, రైల్లో కూర్చునే వెళదాం, బస్సు మెట్లు వద్దు. పులిహోర నేను తెస్తాను. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక సంచిలో పెట్టు, నోటుబుక్కు మరిచిపోకు. ఆ రోజు తలంటుకుని రా, కానీ చేతులకూ కాళ్లకూ నూనె, క్రీము ఏదీ రాయకు, తీగలు చర్మానికి సరిగ్గా అంటుకోవు.

మీ పెద్దమ్మ